పనిలో దెబ్బ తగిలితే: తిరుపతి, చిత్తూరు కార్మికులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుని. చెయ్యి నలిగినవాళ్లు, వేలు పోయినవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు రేణిగుంట, గాజులమండ్యం, శ్రీసిటీ, చిత్తూరు, నగరి వైపుల నుంచి మా దగ్గరికి వస్తుంటారు. వ్యాయామం చేయిస్తున్న అరగంటలో వాళ్లు అడిగేవి ఏళ్ల తరబడి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. చాలామంది అడిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. అందుకే రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే విడిగా చదువుకునేలా ఉంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం, ఉద్యోగుల పరిహార చట్టం అందులో కలిశాయి. కొత్త నిబంధనలు పూర్తిగా వచ్చేదాకా పాతవే నడుస్తాయని కేంద్రం చెప్పింది. ఇక్కడ రాసినవి ఇన్నాళ్లుగా నడుస్తున్న లెక్కలు. దరఖాస్తు పెట్టే రోజున ఆఫీసులో ఒకసారి అడిగి సరిచూసుకోండి.

## మొదటి గంట

వేలు తెగిపోయింది. ఆ ముక్కను ఐస్‌లో వేసి తీసుకురావాలా?

నేరుగా ఐస్‌లో వేయకండి. ఐస్ తగిలిన చర్మం, రక్తనాళాలు చచ్చిపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి సర్జనైనా అతికించలేడు. ముక్కను శుభ్రమైన నీళ్లతో ఒక్కసారి కడగండి, రుద్దొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టండి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా ముడి వేయండి. ఆ కవర్‌ను ఐస్ ముక్కలు, నీళ్లు కలిపిన ఇంకో కవర్లోనో డబ్బాలోనో పెట్టండి. పైన టైము రాయండి.

తెగిన చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. పసుపు, కాఫీ పొడి, ఇంజిన్ ఆయిల్ ఏదీ వేయొద్దు. చల్లగా ఉంచిన వేలికి 12 గంటలు దాటినా అవకాశం ఉంటుంది. కండ ఎక్కువున్న ముంజేయి లాంటిదైతే ఆరు గంటలు దాటాక కష్టం. అందుకే బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, తెగిన వేలు అతికించే సర్జన్ ఉన్నారా అని అడగండి. లేరంటే వెల్లూరుకో చెన్నైకో నేరుగా వెళ్లడమే మేలు. రెండు ఆసుపత్రులు తిరిగితే పోయేది టైమే.

యాసిడ్ మీద పడింది. ఏం రాయాలి?

ఏమీ రాయకూడదు. నీళ్లు, నీళ్లు, నీళ్లు. బ్యాటరీ యాసిడ్ అయినా, కాస్టిక్ సోడా అయినా పారుతున్న నీళ్ల కింద కనీసం 20 నిమిషాలు ఉంచాలి. తడిసిన బట్టలు, ఉంగరం, వాచీ వెంటనే తీసేయాలి. యాసిడ్‌కు విరుగుడని సోడా పొడి వేస్తే వేడి పుట్టి ఇంకా కాలుతుంది. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విప్పి పట్టి అంతసేపూ కడగాలి, ఆ తర్వాతే బండి ఎక్కాలి. 20 నిమిషాలంటే చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, పక్కనున్నవాళ్లు తొందరపెడతారు. ఫోన్లో టైము చూసుకోండి.

వేడి నూనె, ఆవిరి, మరిగే బెల్లం పాకం మీద పడినా మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు పట్టాలి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, సిరా వద్దు.

గ్రైండింగ్ చేస్తుంటే కంట్లో రవ్వ పడింది. పక్కనున్నాయన తీస్తానంటున్నాడు.

తీయనివ్వకండి. గుడ్డ మూలతోనో అగ్గిపుల్లతోనో తీయబోయి నల్లగుడ్డు మీద గీత పెట్టించుకున్నవాళ్లున్నారు. కన్ను నలపకండి. పైపైన ధూళి అయితే నీళ్లతో కడిగితే పోతుంది. ఇనుప రవ్వ గుచ్చుకుంటే కడగొద్దు, నొక్కొద్దు. కంటికి తగలకుండా కాగితం కప్పు బోర్లించి టేపు వేసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాత్రికి తగ్గిపోతుందిలే అని పడుకుంటే తెల్లారేసరికి రవ్వ చుట్టూ తుప్పు వలయం కట్టి ఉంటుంది.

పైనుంచి పడ్డాడు. ఆటోలో వేసుకుని వెళ్లిపోవచ్చా?

మెడ, వెన్ను నొప్పి అంటున్నా, కాళ్లు తిమ్మిరి అంటున్నా, స్పృహ లేకపోయినా కదిలించకండి. 108కి ఫోన్ చేయండి. మంటలు, కరెంటు, కూలుతున్న గోడ లాంటి ప్రాణాపాయం ఉంటేనే పక్కకు జరపాలి, అదీ తల, మెడ, నడుం ఒకే వరసలో ఉండేలా నలుగురు కలిసి. ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపి ఆటోలో కూర్చోబెడితే, విరిగిన వెన్నుపూస జరిగి నరాన్ని కోయవచ్చు. నడవగలిగే మనిషి మంచాన పడేది చాలాసార్లు ఆ రెండు నిమిషాల్లోనే.

కరెంటు షాక్ కొట్టింది కానీ లేచి కూర్చున్నాడు, టీ కూడా తాగాడు. ఆసుపత్రి అవసరమా?

అవసరమే. ఈసీజీ తీయించండి. బయట చిన్న మచ్చే కనిపించినా లోపల కండ కాలి ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైంది. గొంతు మండుతోంది.

గాలి వీస్తున్న వైపుకు అడ్డంగా నడిచి బయటపడండి. కళ్లు, ముఖం నీళ్లతో బాగా కడగండి. తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని లోపలున్నవాళ్ల కోసం మళ్లీ వెళ్లకండి. దగ్గు, ఆయాసం ఉంటే అప్పటికి తగ్గినట్టున్నా ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తర్వాత చేరవచ్చు.

రుయాకా, స్విమ్స్‌కా, ఈఎస్‌ఐ ఆసుపత్రికా? ఎక్కడికి పోవాలి?

ప్రాణం మీదికి వస్తే దగ్గర్లో ఏది ఉంటే దానికి. అంతే. ముందు చికిత్స చేయాలి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. డబ్బు కట్టలేదనో, పోలీసులు రాలేదనో అత్యవసర చికిత్స ఆపకూడదు. ఇది ప్రైవేటు ఆసుపత్రికీ వర్తిస్తుంది.

తిరుపతిలో రుయా క్యాజువాలిటీ రాత్రీ పగలూ నడుస్తుంది. తల దెబ్బలు, పెద్ద ఆపరేషన్లకు స్విమ్స్ ఉంది. ఎముకలు, కీళ్ల ఆపరేషన్లకు, కృత్రిమ అవయవాలకు టీటీడీ వారి బర్డ్ ఉంది. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి. తిరుపతి ఈఎస్‌ఐ ఆసుపత్రికి చిన్న గాయాలకు నేరుగా వెళ్లొచ్చు, పెద్దవైతే వాళ్లే ఒప్పందం ఉన్న ఆసుపత్రికి పంపిస్తారు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు అత్యవసరంలో బయట ఆసుపత్రిలో చేరితే, వెంటనే ఈఎస్‌ఐ వాళ్లకు కబురు చేసి బిల్లులన్నీ దాచుకోండి. ప్రభుత్వ రేట్ల ప్రకారం ఆ ఖర్చు తిరిగి అడగవచ్చు.

## ఆసుపత్రిలో

"ఇంట్లో పడ్డానని చెప్పు, ఖర్చంతా మేం చూసుకుంటాం" అంటున్నారు. అలా చెబితే ఏమవుతుంది?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతారంటే అది ఇదే కావాలి.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. ప్రెస్ మెషిన్‌లో కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు సగానికి పోయాయి. క్యాజువాలిటీకి తీసుకొచ్చిన సూపర్‌వైజరే డాక్టరుతో "ఇంట్లో తలుపు సందులో పడింది సార్" అన్నాడట. పిల్లవాడు నొప్పితో కళ్లు మూసుకుని ఊరుకున్నాడు. మొదటి రెండు బిల్లులు కట్టారు. మూడో నెల నుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. డిశ్చార్జి కాగితం నా టేబుల్ మీద పెట్టి చూపించాడు. నీలం సిరాతో, తొందర చేతిరాతతో, ఒకే ఒక్క లైను: ఇంటి దగ్గర తలుపులో నలిగిన గాయం. ఆ లైను కింద వేలు పెట్టి, మిగిలిన ఆ సగం వేలే పెట్టి, "దీన్ని మార్చలేరా మేడం?" అని అడిగాడు.

మార్చడం చాలా కష్టం. పనిలో గాయం అని రాసి ఉంటే ఈఎస్‌ఐ నుంచి కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది, పోయిన వేళ్లకు జీవితాంతం నెలనెలా డబ్బు వస్తుంది. ఇంట్లో గాయం అంటే అది మామూలు అనారోగ్యం కింద లెక్క. అప్పుడు 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల వరకే, అదీ సరిపడా చందా రోజులు ఉంటేనే. పోయిన వేలికి ఏమీ రాదు.

కాబట్టి క్యాజువాలిటీలో డాక్టరు "ఎలా తగిలింది?" అని అడిగినప్పుడు జవాబు మీరే చెప్పండి. మాట్లాడలేకపోతే ఇంటివాళ్లు చెప్పాలి. ఏ కంపెనీలో, ఏ మెషిన్ మీద, ఏ రోజు, ఎన్ని గంటలకు అనేవి నాలుగూ చెప్పాలి. రాశాక చదివి వినిపించమని అడగండి. తప్పు అనుకోరు.

ఎంఎల్‌సీ రాస్తే నా మీద పోలీసు కేసు అవుతుందా?

కాదు. ఎంఎల్‌సీ అంటే గాయం గురించి డాక్టరు పోలీసులకు తెలియజేసే నమోదు. దెబ్బ తిన్న మనిషి మీద కేసు పెట్టడం దాని ఉద్దేశం కాదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటే జరిగింది జరిగినట్టు చెప్పండి. మత్తు దిగకపోతే తర్వాత చెబుతానని అనండి. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పరిహారం కేసులో బలమైన సాక్ష్యం అదే.

ధనుర్వాతం ఇంజెక్షన్ పోయినేడే వేయించుకున్నా. మళ్లీ కావాలా?

టీకాలు పూర్తిగా వేయించుకుని ఉంటే అక్కర్లేదు. మట్టి, తుప్పు, పేడ తగిలిన గాయానికి చివరి ఇంజెక్షన్ వేసి ఐదేళ్లు దాటితే, శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. ఎప్పుడు వేయించారో గుర్తు లేకపోతే వేయించుకోవడమే మంచిది.

నేను ఆసుపత్రిలో పారిశుద్ధ్య పని చేస్తా. చెత్త కవర్లో వాడిన సూది గుచ్చుకుంది.

పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు నీళ్లతో కడగండి. వెంటనే డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొత్తం 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో చెప్పండి. ఇది కూడా పనిలో గాయమే. అవుట్‌సోర్సింగ్ అయినా సరే రిజిస్టర్లో రాయించండి. రేపు రక్తపరీక్షలో ఏదైనా తేలితే ఈ రోజు రాయించిన ఆ లైనే మీకు ఆధారం.

ఏ కాగితాలు దాచుకోవాలి?

ఓపీ చీటీ, ఎంఎల్‌సీ నంబరు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, ప్రతి మందుల బిల్లు, జీతం స్లిప్పులు, ఆ నెల హాజరు. జీతం స్లిప్పు ఇవ్వకపోతే బ్యాంకు ఖాతాలో జీతం పడిన మెసేజీలు. గాయం ఫొటో మొదటి రోజే తీయించుకోండి, కట్టు కట్టకముందు. ఎక్కడ దెబ్బ తగిలిందో ఆ మెషిన్ ఫొటో తోటి కార్మికుడు తీస్తే ఇంకా మంచిది. అన్నీ ఫోన్లో కూడా ఉంచుకోండి. జెరాక్స్ ఇవ్వండి కానీ అసలు కాగితాలు ఎవరి చేతికీ వదలకండి.

## డబ్బు, హక్కులు

నాకు ఈఎస్‌ఐ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కోత చూడండి. మీ వాటా 0.75 శాతం. అంటే 16,000 జీతానికి 120 రూపాయలు. యజమాని 3.25 శాతం కడతాడు. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉండాలి. పది అంకెల బీమా నంబరు, దానితో వచ్చే కార్డు మీ దగ్గర ఉండాలి. లేకపోతే 1800 11 2526కి ఫోన్ చేసి అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

పనిలో చేరి నాలుగు రోజులే అయింది. నాకు వస్తుందా?

వస్తుంది. జ్వరానికి, జబ్బుకు చందా రోజుల లెక్క ఉంది కానీ పనిలో గాయానికి లేదు. చేరిన మొదటి రోజు నుంచే హక్కు ఉంటుంది. యజమాని మీ పేరు నమోదు చేయకపోతే అది ఆయన తప్పు. "నీ పేరు ఇంకా ఎక్కలేదు" అనే మాట విని ఇంటికి వెళ్లిపోకండి. హాజరు పట్టీ, గేటు పాస్ ఫొటో తీసుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి.

ఈఎస్‌ఐ నుంచి ఎంత వస్తుంది? ఎన్నాళ్లు?

పని చేయలేని స్థితి ఉన్నంత కాలం సగటు రోజు కూలిలో 90 శాతం. రోజుకు సగటున 500 వస్తుంటే 450 అన్నమాట. గాయపడిన రోజు కాకుండా కనీసం మూడు రోజులైనా పనికి దూరంగా ఉండాల్సి వస్తేనే ఇది వర్తిస్తుంది. డబ్బు ఆఫీసు నుంచి కాదు, ఈఎస్‌ఐ నుంచి మీ ఖాతాలోకి వస్తుంది. దానికి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్లు వరుసగా ఉండాలి. మధ్యలో వారం రోజులు సర్టిఫికెట్ లేకపోతే ఆ వారం డబ్బు ఆగుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నొప్పి తగ్గిందని వెళ్లరు, తర్వాత బాధపడతారు.

ప్రమాదం జరిగినట్టు యజమాని రాయాలా, నేను రాయాలా?

ఇద్దరూ. ప్రమాదాల పుస్తకం, అంటే ఫారం 11, ప్రతి చోటా ఉండాలి. అందులో మీ గాయం ఎక్కించమనండి. ఆ తర్వాత యజమాని ఫారం 12లో ఈఎస్‌ఐకి రిపోర్టు పంపాలి. పంపకపోతే మీరే తెల్లకాగితం మీద జరిగింది రాసి బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లల చేత రాయించండి. భాష బాగుండక్కర్లేదు, తేదీ, టైము ఉంటే చాలు.

మెషిన్ గార్డు తీసేసి పనిచేశా. తప్పు నాదే కదా, ఇంకేం అడగను?

అడగండి. కంపెనీ పని కోసం చేస్తూ నిబంధన తప్పినా ఈఎస్‌ఐలో అది పనిలో గాయమే. ఈఎస్‌ఐ లేని చోట పరిహార చట్టంలో యజమానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తాగి ఉండటం, కావాలని భద్రతా ఆదేశాన్ని మీరడం, కావాలని గార్డు తీసేయడం అందులోకి వస్తాయి. కానీ ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ మినహాయింపు పనిచేయదు. ఇక టార్గెట్ అందడం లేదని గార్డు తీయించింది సూపర్‌వైజరే అయితే అది "కావాలని" చేసినట్టు ఎలా అవుతుంది? ఎవరు తీయమన్నారో, ఎన్నాళ్ల నుంచి అలా నడుస్తోందో రాసి పెట్టండి.

నైట్ షిఫ్ట్ అయి ఇంటికి వస్తుంటే బైకు యాక్సిడెంట్ అయింది. పని గాయమేనా?

ఇంటికీ పని చోటుకీ మధ్య ప్రయాణంలో జరిగి, ఆ టైముకూ దారికీ మీ డ్యూటీకీ సంబంధం ఉంటే పని గాయమే. కంపెనీ బస్సులో జరిగినా అంతే. డ్యూటీ ముగిసిన టైము చూపే పంచింగ్ రికార్డు, ఎఫ్‌ఐఆర్ రెండూ కావాలి. దారి మళ్లి చుట్టాల ఇంటికి పోతుంటే జరిగిందంటే వాదన కష్టమవుతుంది.

ఈఎస్‌ఐ లేదు. బెల్లం గానుగలో చెయ్యి పడింది. ఎవరిని అడగాలి?

గానుగ యజమానినే. చిత్తూరు వైపు చెరకు క్రషర్ దగ్గర ఇది ఏటా చూస్తున్నాం. రాత్రి పని, నిద్ర కళ్లు, చెరకు తోస్తూ తోస్తూ చెయ్యి రోలర్ల మధ్యకు పోతుంది. చక్కెర, బెల్లం తయారీ సీజన్ పని కింద లెక్క కాబట్టి ఈఎస్‌ఐ ఉండదు. కానీ కరెంటు మోటారుతో నడిచే తయారీ కాబట్టి ఉద్యోగుల పరిహార చట్టం వర్తిస్తుంది. చికిత్సకు నిజంగా అయిన ఖర్చు యజమాని ఇవ్వాలి. పని చేయలేనన్నాళ్లు ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం, ఐదేళ్ల వరకు. శాశ్వత నష్టం ఉంటే దానికి విడిగా.

దరఖాస్తు జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో పెట్టాలి. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఆ తర్వాత కూడా తీసుకోవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

బొటనవేలు పోతే ఎంత వస్తుంది?

పరిహార చట్టంలో పట్టిక ఉంది. బొటనవేలు 30 శాతం, చూపుడు వేలు మొత్తం 14, మధ్య వేలు 12, ఒక చేతి నాలుగు వేళ్లు 50, చెయ్యి పోతే 60. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40.

లెక్క ఇలా. ముప్పై ఏళ్ల మనిషి, నెల జీతం 15,000. అందులో 60 శాతం 9,000. ముప్పై ఏళ్లకు చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820. బొటనవేలికి అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. జీతం ఎంత ఎక్కువున్నా 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునేది 15,000 వరకే. నెల దాటినా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా అదనపు జరిమానా పడొచ్చు.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు ఈ మొత్తం ఒకేసారి రాదు. మెడికల్ బోర్డు శాతం తేల్చాక నెలనెలా వస్తుంది. రెండు చోట్లా అడగడానికి వీల్లేదు.

యాభై వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు.

పెట్టకండి. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు, అయినా ఆ కాగితం చూపించి మిమ్మల్ని ఏళ్లపాటు తిప్పగలరు. రాజీ కుదిరితే అది కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు కావాలి. చికిత్సకు డబ్బు ఇస్తే తీసుకోండి, "వైద్యం ఖర్చు నిమిత్తం" అని రాసి సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

కాంట్రాక్టరు ఫోన్ స్విచ్ఛాఫ్ చేశాడు. కంపెనీ మాకు సంబంధం లేదంటోంది.

సంబంధం ఉంది. కంపెనీ పనే చేస్తూ దెబ్బ తిన్నప్పుడు పరిహారం అసలు యజమాని నుంచే అడగవచ్చు, కాంట్రాక్టరు దగ్గర వాళ్లు తర్వాత రాబట్టుకుంటారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లకూ ఇదే చట్టం. ఊరికి రైలెక్కించి పంపించేస్తామంటే, చికిత్స కాగితాలు చేతిలో లేకుండా ఎక్కకండి.

వకీలుకు డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

మనిషే పోయాడు. ఇంటివాళ్లు ఏం చేయాలి?

పోస్ట్‌మార్టం వద్దనకండి. ఎంత కష్టంగా ఉన్నా అది లేకపోతే ముందుకు దారి మూసుకుపోతుంది. ఈఎస్‌ఐ ఉంటే ఆయన కూలిలో 90 శాతం కుటుంబానికి నెలనెలా వస్తుంది. అందులో భార్యకు ఐదింట మూడు వంతులు, పిల్లలకు తలా ఐదింట రెండు వంతులు, మొత్తం ఆ 90 శాతం దాటకుండా. అంత్యక్రియలకు 15,000. ఈఎస్‌ఐ లేకపోతే నెల జీతంలో 50 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించి ఇవ్వాలి, అది అధికారి దగ్గర జమ కావాలి. కర్మకాండలు అయ్యేలోపు ఇంటికి వచ్చి ఇచ్చే డబ్బు కవరుకు బదులుగా ఏ సంతకమూ చేయకండి.

## తిరిగి పనికి

కట్టు విప్పారు కానీ వేళ్లు ముడవట్లేదు. అదే సర్దుకుంటుందా?

దానంతట అది సర్దుకోదు. చెయ్యి నెల రోజులు కదలకపోతే కీళ్లు బిగుసుకుంటాయి, స్నాయువులు చుట్టూ అతుక్కుంటాయి. కట్టు విప్పిన మొదటి ఆరేడు వారాలు బంగారం లాంటివి. ఆ టైములో ఎంత కదిలిస్తే అంత వస్తుంది. ఆరు నెలల తర్వాత వస్తే నేను రెట్టింపు కష్టపెట్టినా సగం రాదు.

అయితే స్నాయువు కుట్టిన చేతిని సొంతంగా కదిలించకండి, కుట్టు తెగిపోతుంది. ఎప్పటి నుంచి, ఎంతవరకు అని సర్జన్ చెప్పాలి. ఆయన సరేనన్నాక ఇంట్లో చేయాల్సింది సులువే. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు పెట్టి మెల్లగా గుప్పిట మూయడం, విప్పడం. వెడల్పాటి గిన్నెలో రాగులు పోసి అందులో చెయ్యి ముంచి పిసకడం. చర్మం బాగా మానాకే సుమా. తువ్వాలు పిండటం. గంటకోసారి ఐదు నిమిషాలు చాలు, పొద్దున ఒక్కసారి గంటసేపు చేయడం కంటే ఇది నయం.

పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒకాయనను ఏం చేయగలిగితే బాగైనట్టు అని అడిగా. "సంగటి ముద్ద చేసుకుని తినాలమ్మా, ఎడమ చేత్తో తినలేకున్నా" అన్నాడు. మేం కొలత పరికరం పక్కన పెట్టి అదే లెక్క పెట్టుకున్నాం. మొదట పిండి ముద్ద, తర్వాత చల్లారిన సంగటి, తర్వాత వేడిది. పదకొండో వారంలో ఇంటి నుంచి క్యారియర్ తెచ్చి మా ముందు కూర్చుని తిన్నాడు. మీరూ అలాంటి గురి ఒకటి పెట్టుకోండి.

డాక్టరు లైట్ వర్క్ అని రాశారు. మా దగ్గర లైట్ వర్క్ లేదంటున్నారు.

"లైట్ వర్క్" అని రెండు ముక్కలు రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు, భుజం పైకి చెయ్యి ఎత్తే పని వద్దు, నిచ్చెన ఎక్కొద్దు, ఇన్ని వారాలు అని రాయమని డాక్టరును అడగండి. మీరు చేసే పని ఆయనకు తెలియదు, కాబట్టి ఫోన్లో పని వీడియో చూపించండి. అప్పుడు ప్యాకింగ్ చెకింగ్, స్టోర్ రిజిస్టర్ లాంటిది ఏదో ఒకటి దొరుకుతుంది. నిజంగా లేకపోతే, పూర్తిగా కోలుకునేదాకా ఈఎస్‌ఐ సర్టిఫికెట్ కొనసాగించుకోండి. గాయానికి ఈఎస్‌ఐ భత్యం తీసుకుంటున్న కాలంలో మిమ్మల్ని పని నుంచి తీసేయడం చెల్లదు.

బస్తాలు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. రక్తం రాలేదు, ఎముక విరగలేదు. ఇది గాయమేనా?

ఒక రోజు, ఒక టైములో, ఒక బరువు ఎత్తుతూ పట్టేస్తే గాయమే. ఆ రోజే చెప్పండి. వారం మందు రాసుకుని తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. మంచానికి అతుక్కుపోవద్దు, రెండు రోజుల తర్వాత మెల్లగా నడవడం మొదలుపెట్టాలి. మూత్రం, మలం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, కాలు బలం పోయినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.

పన్నెండేళ్లుగా గ్రానైట్ పాలిషింగ్. దగ్గు తగ్గట్లేదు, టీబీ మందులు రెండుసార్లు వాడా.

డాక్టరుకు ముందు మీ పని చెప్పండి. రాయి పొడి ఏళ్లకేళ్లు పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఎక్స్‌రేలో టీబీలా కనిపించవచ్చు, టీబీ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. నయం చేసే మందు లేదు. పొడికి దూరం కావడమే ముదరకుండా చేసే పని, కోయడానికి నీళ్లు వాడితే పొడి తగ్గుతుంది. గుడ్డ మాస్క్ ఈ పొడిని ఆపదు. ఇది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, ప్రమాదంలాగే దీనికీ ఈఎస్‌ఐ, పరిహారం ఉన్నాయి. ఎన్నేళ్లు ఎక్కడెక్కడ పనిచేశారో ఒక కాగితం మీద వరుసగా రాసి తీసుకెళ్లండి. యూనిట్ మూతపడినా తోటివాళ్ల పేర్లు రాయండి.

చెయ్యి బాగైంది కానీ మెషిన్ శబ్దం వింటే వణుకు. నిద్రలో ఉలిక్కిపడుతున్నా. పిచ్చి పట్టిందా?

లేదు. చెయ్యి నలిగిన క్షణాన్ని బుర్ర మర్చిపోలేక మళ్లీ మళ్లీ చూపిస్తోంది. దీనికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ టైములో ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఉండదు. రుయాలో మానసిక విభాగం ఉంది. పనికి వెళ్లే మొదటి రోజు నేరుగా మెషిన్ ముందు నిలబడకండి. ముందు ఆగి ఉన్న మెషిన్ దగ్గర, తర్వాత వేరేవాళ్లు నడుపుతుంటే దూరంగా, ఆ తర్వాత మీరు. టెన్షన్ తట్టుకోవడానికి సాయంత్రం తాగడం మొదలుపెట్టిన అన్నదమ్ములను చూశాను. ఆ దారి వద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, మాకు కూడా చెప్పండి, ఆ మాట వినడానికి మాకు టైముంది.

మెడికల్ బోర్డులో ఏం అడుగుతారు?

గాయం చూస్తారు, కదలిక కొలుస్తారు, పాత కాగితాలు చూస్తారు. ఎక్స్‌రేలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. చేతి పట్టు ఎంత తగ్గింది, ఏ వేలు ఎంత ముడుస్తుంది అని ఫిజియోథెరపిస్టు రాసిచ్చే నోటు ఉంటే తీసుకెళ్లండి. ఉన్నదానికంటే ఎక్కువ చూపించబోవద్దు, వాళ్లు ఇట్టే పట్టేస్తారు. తక్కువ చేసి చెప్పుకోవడం కూడా వద్దు. మన మగవాళ్లు "పర్లేదు సార్, అలవాటైపోయింది" అంటారు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే పెట్టుకోలేకపోతున్నానని చెప్పండి, అక్కడే విప్పి పెట్టి చూపించండి. ఇచ్చిన శాతం తక్కువ అనిపిస్తే అప్పీలుకు గడువు ఉంటుంది, ఆర్డరు చేతికి వచ్చిన రోజే చివరి తేదీ ఏదో అక్కడే అడిగి కాగితం వెనక రాసుకోండి.